కుక్క ఒంటి మీద చీము పొక్కులు: ఎలా గుర్తించాలి, ఎలా తగ్గించాలి

కుక్క పొట్ట కింద ఎర్రటి పొక్కులు, వీపు మీద అక్కడక్కడా ఊడిన వెంట్రుకలు, నిమిరితే చేతికి అంటే పొట్టు, దగ్గరికి వస్తే ఒక రకమైన ముక్కిపోయిన వాసన. ఇవి కనిపించగానే చాలామంది పోయినసారి డాక్టర్ రాసిచ్చిన చీటీ వెతికి, అవే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి వేస్తారు. నాలుగు రోజుల్లో తగ్గినట్టుంటుంది, ఆపేస్తారు, కొన్ని వారాలకి మళ్లీ మొదలు, ఈసారి ఇంకొంచెం మొండిగా. కుక్కల చర్మవ్యాధులు చూడటమే నా పని కాబట్టి ఇలా మూడు నాలుగు రకాల మాత్రలు వాడేసి వచ్చిన కుక్కలు నాకు తరచూ కనిపిస్తాయి. మొదటిసారే గాజు పలక మీద శాంపిల్ తీసి మైక్రోస్కోప్ కింద చూసి, సరిగ్గా స్నానాలు చేయించి, అసలు కారణం పట్టుకుని ఉంటే వాటిలో చాలా వాటికి అన్ని మాత్రలు మింగాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను, చదివి మీ కుక్కకి వర్తించేది తీసుకోండి.

ముందు ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. ఈ జబ్బుని పయోడెర్మా అంటారు, అంటే చర్మంలో చీము పట్టడం. దీనికి ఎక్కువసార్లు కారణమయ్యే బ్యాక్టీరియా పేరు స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్. 2005లో దీన్ని వేరే జాతిగా గుర్తించారు, అంతకుముందు ల్యాబ్ రిపోర్టుల్లో ఇంటర్మీడియస్ అని ఉండేది, పాత కాగితాల్లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఈ బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కులో, నోట్లో, మలద్వారం చుట్టూ, చర్మం మీద మామూలుగానే ఉంటుంది, ఏమీ చేయదు. చర్మం దెబ్బతిన్నప్పుడు, అంటే అలర్జీతో గోక్కున్నప్పుడో, ఫ్లీస్ (వెంట్రుకల్లో తిరుగుతూ రక్తం పీల్చే చిన్న పురుగులు) కుట్టినప్పుడో, థైరాయిడ్ తగ్గి చర్మం బలహీనపడినప్పుడో అదే బ్యాక్టీరియా లోపలికి దిగి పెరుగుతుంది. కాబట్టి పయోడెర్మా అని తేలితే సగం సమాధానమే దొరికినట్టు. అది ఎందుకు వచ్చిందన్నది మిగతా సగం, తిరగబెట్టేది కూడా ఆ సగం వదిలేసినప్పుడే.

మొదట, వెలుతురులో పడుకోబెట్టి చూడండి

మంచి వెలుతురున్న చోట కుక్కని పక్కకి పడుకోబెట్టి, వెంట్రుకలు వేళ్లతో విడదీస్తూ చూడండి. పొట్ట కింద, తొడల లోపలి వైపు, చంకలు, వేళ్ల మధ్య, గడ్డం, పెదవి ముడత, తోక మొదలు, ఆడకుక్కకైతే మూత్రం పోసే చోటు చుట్టూ ఉన్న ముడత, ఇవి తప్పకుండా చూడాల్సిన చోట్లు. వీపు మాత్రమే చూసి ఏమీ లేదనుకోవద్దు.

మీకు కనిపించాల్సింది చీము పొక్కు అనుకుంటారు, నిజానికి అది దొరకడం కష్టం. కుక్క చర్మం పైపొర చాలా పలచన, అందులో లేచిన చీము పొక్కు తొందరగానే పగిలిపోతుంది. పగిలాక మిగిలేదే అసలు గుర్తు. నాణెం అంతో, అంతకంటే చిన్నదో ఒక గుండ్రటి మచ్చ ఉంటుంది, దాని అంచు చుట్టూ పొట్టు పలచగా లేచి ఉంటుంది, వేలితో మెల్లగా తాకితే ఆ పొట్టు అంచు కదులుతుంది. మచ్చ మధ్యలో చర్మం మామూలుగా ఉండొచ్చు, ఎర్రగా ఉండొచ్చు, పాతబడితే నల్లబడుతుంది. అంచు రోజురోజుకీ బయటికి జరుగుతూ మచ్చ పెద్దదవుతుంది. దీన్ని చూసి తామర అనుకుని క్రీములు రాసేవాళ్లు చాలామంది. గుండ్రంగా ఉన్న ప్రతిదీ తామర కాదు, కుక్కల్లో ఇలాంటి గుండ్రటి పొట్టు మచ్చలు ఎక్కువసార్లు బ్యాక్టీరియావే.

వెంట్రుకల్ని బట్టి కూడా రూపు మారుతుంది. పొట్టి వెంట్రుకల కుక్కల్లో అక్కడక్కడా చిన్న చిన్న కుచ్చులుగా వెంట్రుకలు లేచి నిలబడతాయి, తర్వాత ఊడిపోతాయి, ఒళ్లంతా పురుగు కొట్టేసిన శాలువాలా కనిపిస్తుంది. పొడుగు వెంట్రుకల కుక్కల్లో ఇదేమీ బయటపడదు, వెంట్రుకల నిగనిగ పోవడం, మామూలు కంటే ఎక్కువ రాలడం, పొట్టు, అంతే. లోపల చర్మం చూస్తేగానీ పొట్టు మచ్చలు తెలియవు.

ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి, పక్కన ఒక స్కేలు గానీ నాణెం గానీ ఉంచి తీస్తే ఇంకా మంచిది. రెండు వారాల తర్వాత తగ్గిందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఈ ఫోటోలే తేలుస్తాయి, రోజూ చూసే కళ్లకి తేడా తెలియదు.

లోతు ఎంతో అంచనా వేయండి

చికిత్స అంతా లోతు మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగండి.

చర్మం పైపైనే ఉండేవి కొన్ని. ఉన్నట్టుండి ఒకచోట తడిగా, ఎర్రగా, వెంట్రుకలు అతుక్కుపోయి, రసి కారుతూ, ముట్టుకుంటే కుక్క అరిచేలా తయారయ్యే హాట్‌స్పాట్ ఈ రకం. గంటల్లో పెరుగుతుంది, రాత్రి ఏమీ లేని చోట పొద్దునకి అరచేయంత పుండు ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి వాటికి ముఖం ముడతల్లో, తోక ముడతలో చెమ్మ నిలిచి వచ్చే ఎరుపు, వాసన కూడా ఇదే కోవ.

రెండో రకం వెంట్రుక మొదళ్ల దాకా వెళ్లేది. పైన చెప్పిన పొక్కులు, పొట్టు మచ్చలు అన్నీ ఇందులోకే వస్తాయి, ఎక్కువ కుక్కలకి వచ్చేది ఇదే. కుక్కపిల్లలకి వెంట్రుకలు లేని పొట్ట మీద వచ్చే చీము పొక్కులు కూడా లోతు లేనివే, వాటికి పెద్దగా దురద ఉండదు, చాలావరకు మందు స్నానాలతోనే పోతాయి, టెన్షన్ పడాల్సిన పని లేదు. నులిపురుగుల మందు పడిందా, తిండి సరిగ్గా అందుతోందా అని మాత్రం చూసుకోండి.

మూడోది లోతైనది. వెంట్రుక మొదలు లోపలే పగిలి, చీము చర్మం అడుగుకి దిగుతుంది. గట్టి గడ్డలు, ఊదా రంగు రక్తపు బొబ్బలు, చిన్న రంధ్రాల్లోంచి నెత్తురు కలిసిన చీము, మందంగా పక్కులు కట్టడం, నొప్పి. గడ్డం మీద, వేళ్ల మధ్య, మోచేతుల దగ్గర ఎక్కువగా వస్తుంది, జర్మన్ షెపర్డ్‌లలో నడుము వెనక భాగం, తొడల మీద విస్తరించే మొండి రకం ఒకటి ఉంది. కుక్క నలతగా ఉన్నా, జ్వరం ఉన్నా, తిండి మానేసినా ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

మంచిగా కనిపించాలని కుక్కకి స్నానం చేయించి తీసుకొస్తారు, దయచేసి ఆ పని చేయకండి. పొట్టు, పక్కులు, రసి అన్నీ కడుక్కుపోతే మేం పలక మీద చూడాల్సిందే పోతుంది. వెళ్లే ముందు రెండు మూడు రోజులు స్నానం, క్రీములు ఆపండి.

ఒక కాగితం మీద కొన్ని వివరాలు రాసుకోండి. దురద ముందు వచ్చిందా, పొక్కులు ముందు వచ్చాయా? ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఏ మచ్చా లేకుండానే కొన్నాళ్లు గోక్కుని, పాదాలు నాక్కుని, తర్వాత పొక్కులు వచ్చాయంటే వెనక అలర్జీ ఉండే అవకాశం ఎక్కువ. మొదటిసారి ఏ వయసులో వచ్చింది, ప్రతి ఏడూ ఒకే కాలంలో వస్తోందా, ఇంట్లో ఇంకే జంతువుకైనా మనుషులకైనా దురద ఉందా, ఫ్లీస్‌కి పిడుదులకి ఏ మందు ఎప్పుడు వేశారు, ఇప్పటిదాకా వాడిన మాత్రలు, ఇంజెక్షన్లు, పూతల పేర్లు, వాటి అట్టలు ఉంటే అవే తీసుకెళ్లండి. ముఖ్యంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే తప్పకుండా చెప్పండి.

పరీక్షలు: ఏవి అడగాలి, ఎందుకు

మొట్టమొదటిది సైటాలజీ. చీము పొక్కు ఉంటే సన్నటి సూదితో గుచ్చి ఆ చీముని గాజు పలకకి అద్దుతారు, లేకపోతే పక్కు లేపి దాని కింద తడిని గానీ, పొట్టు మచ్చ అంచు కింద దూదిపుల్లతో రుద్ది గానీ తీస్తారు, పొడిగా ఉన్నచోట టేప్ అతికించి తీస్తారు. రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే కొద్ది నిమిషాల్లో ఫలితం కళ్లముందు ఉంటుంది. పయోడెర్మా అయితే చీము కణాలు గుంపుగా ఉంటాయి, వాటి మధ్యా, ముఖ్యంగా వాటి లోపలా ముదురు నీలం రంగు గుండ్రటి చుక్కలు జంటలుగా, నాలుగేసిగా కనిపిస్తాయి. ఒంట్లోని కణం బ్యాక్టీరియాని మింగిందంటే అక్కడ నిజంగా పోరాటం నడుస్తోందని అర్థం. ఉత్త బ్యాక్టీరియా మాత్రమే ఉంటే అది చర్మం మీద మామూలుగా ఉండేదే కావచ్చు. ఈ పరీక్షకి ఖరీదైన సరంజామా అక్కర్లేదు, డాక్టర్ చేయకపోతే మీరే మర్యాదగా అడగండి, అడగడంలో తప్పేం లేదు.

అదే పలక మీద వేరుశనగ గింజ ఆకారంలో ఉండే మలాసీజియా అనే ఈస్ట్ కూడా కనిపించొచ్చు, అలర్జీ కుక్కల్లో రెండూ కలిసి ఉండటం మామూలే, అప్పుడు ఒక్క యాంటీబయాటిక్ వేస్తే దురద తగ్గదు. చీము కణాలు బోలెడు ఉండి బ్యాక్టీరియా అసలు లేకపోతే, పైగా పక్కులు ముక్కు మీద, చెవుల మీద, అరిపాదాల మెత్తల మీద ఉంటే అది పెంఫిగస్ అనే వేరే జబ్బు కావచ్చు, దానికి చర్మం ముక్క తీసి పరీక్షించాలి.

రెండోది స్కిన్ స్క్రేపింగ్. డెమొడెక్స్ అనే పురుగు వెంట్రుక మొదట్లో దాక్కుంటుంది, దానివల్ల వచ్చే పొక్కులు చూడటానికి పయోడెర్మాలాగే ఉంటాయి, రెండూ కలిసి కూడా ఉంటాయి. చర్మాన్ని వేళ్లతో నొక్కి, కొద్దిగా నెత్తురు చెమ్మ కనిపించేదాకా గీకితేనే అది దొరుకుతుంది. పైపైన గీకి లేదనడం కంటే అసలు చేయకపోవడమే నయం. తామర అనుమానం ఉంటే దానికి వేరే కల్చర్ ఉంది, గజ్జి అనుమానం ఉంటే, అంటే చెవుల అంచులు, మోచేతులు విపరీతంగా గోక్కుంటుంటే, పురుగు దొరక్కపోయినా దానికి మందు వేసి చూడటమే పద్ధతి.

మూడోది కల్చర్, సెన్సిటివిటీ. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పే పరీక్ష ఇది. మొదటిసారి వచ్చిన పైపై ఇన్ఫెక్షన్‌కి అవసరం లేదు. కానీ లోతైనదైతే చేయించాలి. సరైన మోతాదులో రెండు వారాలు వాడినా మచ్చలు సగం కూడా తగ్గకపోతే, మందు వాడుతుండగానే కొత్త పొక్కులు లేస్తుంటే, పలక మీద గుండ్రటి చుక్కలకి బదులు కడ్డీల్లాంటి బ్యాక్టీరియా ఉంటే, ఇంతకుముందు మందులకి లొంగని ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటే, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంకో మాత్ర పేరు ఊహించి రాయడం ఆపేసి కల్చర్ పంపాల్సిందే. శాంపిల్ పైన పూసిన రసి నుంచి కాకుండా పగలని పొక్కు నుంచో, పక్కు కింద నుంచో, లోతైనదైతే చర్మం ముక్క నుంచో తీయాలి, లేకపోతే పక్కనున్న ఏదో బ్యాక్టీరియా పేరు వస్తుంది.

చికిత్స: మాత్ర కంటే ముందు స్నానం

చాలామందికి నమ్మకం కుదరని విషయం ఇది. షాంపూతో జబ్బు పోతుందా అంటారు. పోతుంది. పైపై ఇన్ఫెక్షన్లకీ, వెంట్రుక మొదళ్ల దాకా వెళ్లినవాటికీ ముందుగా ఎంచుకోవాల్సింది మందు స్నానమేనని ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి, అది సాధ్యం కానప్పుడో, సరిపోనప్పుడో మాత్రలు. చర్మం మన చేతికి అందే అవయవం, మందుని నేరుగా అక్కడే ఎక్కువ బలంతో పెట్టొచ్చు, మింగిన మందు అంత మోతాదులో చర్మానికి చేరదు. మాత్రలకి లొంగని బ్యాక్టీరియా కూడా ఎక్కువసార్లు స్నానానికి లొంగుతుంది.

కావాల్సింది 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న, కుక్కల కోసం తయారైన షాంపూ. ఈస్ట్ కూడా ఉంటే మైకొనజోల్ కలిసినది. జిడ్డు, పొట్టు మరీ ఎక్కువైతే డాక్టర్ బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది ఇస్తారు, అది చర్మాన్ని బాగా ఎండగడుతుంది, తువ్వాళ్ల రంగు కూడా వెలిసిపోతుంది, తెలుసుకుని వాడండి. మనుషుల షాంపూ వద్దు, మన చర్మానికీ కుక్క చర్మానికీ ఆమ్ల గుణంలో తేడా ఉంది.

స్నానం ఎలాగంటే, వేడి నీళ్లు వద్దు, దురద పెరుగుతుంది, చల్లగా గానీ గోరువెచ్చగా గానీ చాలు. వెంట్రుకలు దట్టంగా ఉంటే ముందే కత్తిరించండి, లేకపోతే షాంపూ వెంట్రుకల మీదే ఆగిపోతుంది. చర్మం దాకా తడిసేలా నీళ్లు పోసి, షాంపూని ముందు జబ్బున్న చోట్ల పెట్టండి, ఎందుకంటే మొదట రాసిన చోటే మందు ఎక్కువసేపు ఉంటుంది. వీపు మీద పోసి నురగ తీయడం కాదు, వేళ్ల చివరలతో చర్మం మీదికి వెళ్లేలా, పొట్ట కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో మెల్లగా రాయండి. గట్టిగా రుద్దొద్దు. ఇప్పుడు ఫోన్‌లో 10 నిమిషాలు టైమర్ పెట్టండి. ఈ 10 నిమిషాలే చికిత్స, మిగతాదంతా దానికి తయారీ. అందాజాగా లెక్కపెడితే మూడు నిమిషాలే పది అనిపిస్తుంది, తడి కుక్కని పట్టుకుని నిలబడటం అంత కష్టం. ఆ సమయంలో నాక్కోకుండా చూసుకుంటూ మాట్లాడుతూ, నిమురుతూ ఉండండి. తర్వాత జారుడు పోయేదాకా బాగా కడిగి, తువ్వాలుతో అద్ది తుడవండి, ముడతలు, వేళ్ల సందులు పొడిగా ఉండాలి, వేడిగాలి డ్రయర్ వద్దు.

కళ్లలో, చెవి రంధ్రంలో క్లోర్‌హెక్సిడిన్ పడకూడదు, కంటికీ లోపలి చెవికీ హాని చేస్తుంది. ముఖానికి షాంపూ కాకుండా తడి గుడ్డ లేదా డాక్టర్ ఇచ్చిన వైప్స్ వాడండి.

వారానికి రెండు మూడుసార్లు చేయాలి, మచ్చలన్నీ పోయాక కూడా ఇంకో వారం. కుదరని రోజుల్లో అదే మందున్న స్ప్రే, మూస్ లేదా వైప్స్ పనికొస్తాయి. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే ఫ్యూసిడిక్ యాసిడ్ లాంటి పూత చాలు, రాసి 10 నిమిషాలు నాకకుండా కాపలా ఉండండి. ఇంట్లో ఉన్న మనుషుల క్రీము ట్యూబు తీసి రాసే ముందు దాని మీద ఏం రాసుందో చదవండి. చర్మానికి వాడే క్రీముల్లో చాలా వాటిలో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు చూపించి లోపల ఇన్ఫెక్షన్‌ని పెంచుతుంది, కుక్క నాకితే ఒంట్లోకీ పోతుంది.

హాట్‌స్పాట్ అయితే

ముందు చుట్టూ వెంట్రుకలు కత్తిరించాలి, మీరనుకున్న దానికంటే పుండు పెద్దదిగా బయటపడుతుంది, భయపడకండి. కత్తెరతో అయితే చర్మం తెగే ప్రమాదం ఉంది, ట్రిమ్మర్ మేలు. కుక్క నొప్పితో కరుస్తుందేమో అనిపిస్తే డాక్టర్ చేతే మత్తిచ్చి చేయించండి. నీళ్లలో కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌తో మెల్లగా తుడిచి, పొడిగా ఉంచి, మెడకి కోన్ (నాక్కోకుండా ఆపే ప్లాస్టిక్ గరాటు) కట్టండి. కోన్ కడితే జాలేస్తుంది, నిజమే, కానీ కుక్క నాలుక పడినంతకాలం ఏ మందూ పనిచేయదు. మందమైన పూతలు, పౌడర్లు వేసి మూసేయొద్దు, గాలి తగలాలి. దురద, నొప్పి బాగా ఎక్కువుంటే డాక్టర్ కొద్ది రోజుల మందు ఇస్తారు. అది ఎక్కడ వచ్చిందో కూడా చూడండి: బుగ్గ మీద, చెవి కింద వస్తే చెవిలో ఏముందో చూడాలి, తోక మొదట్లో వస్తే ఫ్లీస్‌ని, మలద్వారం పక్కనున్న గ్రంథుల్ని అనుమానించాలి. చుట్టూ చిన్న చిన్న పొక్కులు కూడా ఉంటే అది హాట్‌స్పాట్ కాదు, లోతైనది, చికిత్స వేరు.

మాత్రలు అవసరమైతే

ఒళ్లంతా పాకినా, స్నానాలు చేయించే వీలు లేకపోయినా, లోతైనదైనా మాత్రలు తప్పవు. స్నానం మాత్రం వాటితో పాటు నడవాలి. ఎక్కువగా వాడేవి సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్ క్లావులనేట్ కలిపినది, క్లిండామైసిన్. సెఫలెక్సిన్‌ని కిలో బరువుకి 15 నుంచి 30 మిల్లీగ్రాముల లెక్కన రోజుకి రెండుసార్లు ఇస్తారు, కాబట్టి కుక్కని ఎత్తుకుని అందాజాగా కాకుండా తూకం వేసి బరువు చెప్పండి. కడుపులో తిప్పితే తిండితో పాటు ఇవ్వండి. ఒంటరి అమాక్సిసిలిన్ మాత్రం ఈ జబ్బుకి దండగ, ఈ స్టెఫైలోకాకస్‌లలో చాలా వరకు దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేసుకుంటాయి, క్లావులనేట్ కలిపేది అందుకే. ఎన్‌రోఫ్లాక్సాసిన్ లాంటివి మొదటి మందుగా వాడాల్సినవి కావు, ఎదిగే కుక్కపిల్లల కీళ్ల మృదులాస్థికి హాని చేస్తాయి, అనవసరంగా వాడితే మొండి బ్యాక్టీరియాకి దారి వేస్తాయి.

పైపై ఇన్ఫెక్షన్‌కైతే రెండు వారాలు, లోతైనదానికి మూడు వారాలు ఇచ్చి మందు అయిపోకముందే డాక్టర్‌కి చూపించాలి. ఆ చూపించడమే ముఖ్యం. పోయిందో లేదో చేత్తో తడిమి, అవసరమైతే మళ్లీ పలక మీద చూసి ఆపాలో కొనసాగించాలో అప్పుడు తేలుతుంది. లోతైనవి పైన చర్మం మానినట్టు కనిపించినా లోపల గడ్డ ఉంటుంది, వారాల తరబడి పట్టొచ్చు, కంటికి కనిపించడం లేదని మధ్యలో ఆపేస్తే మొదటికొస్తుంది. రెండు పూటల మందుని ఒక పూటకి తగ్గించడం, తగ్గిందని సగంలో ఆపి మిగతావి ఇంకోసారికి దాచడం, ఈ రెండూ చేయకండి.

స్టెరాయిడ్ విషయంలో గట్టిగా చెప్పాలి. దురద వెంటనే ఆగుతుంది కాబట్టి ఇంజెక్షన్ వేయమని అడుగుతారు. లోతైన ఇన్ఫెక్షన్‌లో అది వేస్తే చీము లోపలికి వ్యాపిస్తుంది. పైపైదానిలో కూడా యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపి ఇస్తే దేనివల్ల తగ్గిందో ఎవరికీ తెలియదు, అసలు కారణం పట్టుకునే దారి మూసుకుపోతుంది. నొప్పికని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ ఇవ్వొద్దు, కుక్కలకి ప్రమాదం. టీ ట్రీ ఆయిల్ రాయొద్దు, అది కుక్కలకి విషం. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, నేల తుడిచే ద్రావణాలు పుండు మీద పోయొద్దు, కొత్తగా పుడుతున్న చర్మాన్ని కూడా కాల్చేస్తాయి.

తగ్గాక, దురద ఉందా లేదా?

ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిన వారంలో మీ కుక్కని బాగా గమనించండి. చర్మం శుభ్రంగా ఉంది, అయినా గోక్కుంటోంది, పాదాలు నాక్కుంటోంది అంటే వెనక అలర్జీ ఉంది. పొక్కులతో పాటే దురద కూడా పూర్తిగా పోయి, మళ్లీ పొక్కులు వచ్చినప్పుడే వస్తోంది అంటే హార్మోన్ల వైపు చూడాలి. ఈ ఒక్క గమనిక ఎంతో డబ్బునీ, టైమునీ ఆదా చేస్తుంది.

అలర్జీ అనిపిస్తే ముందు ఫ్లీస్‌ని తేల్చాలి. కనిపించడం లేదు కదా అంటారు. అలర్జీ ఉన్న కుక్క గోకి, కొరికి వాటిని తీసేస్తుంది, కొద్ది కాట్లు చాలు దురద నిలవడానికి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ ఏడాది పొడవునా మందు వేయాలి. పిల్లి ఉంటే దానికి తగిన మందే వేయాలి, పర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లి ప్రాణం తీస్తుంది. పడక బట్టలు వేడినీళ్లలో ఉతకాలి, నేల సందులు వాక్యూమ్ చేయాలి. ఇప్పుడొచ్చే ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ లాంటి మాత్రలు ఫ్లీస్‌తో పాటు డెమొడెక్స్‌కీ పనిచేస్తాయి, మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

తర్వాత ఆహారం. ఇంతవరకు ఎప్పుడూ తినని ఒకే ప్రొటీన్ గానీ, హైడ్రొలైజ్ చేసిన (అతి చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన) ప్రొటీన్ ఆహారం గానీ 8 వారాలు, మధ్యలో ఒక్క బిస్కెట్టు కూడా లేకుండా పెట్టి చూడాలి, తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి దురద తిరిగొస్తోందా అని నిర్ధారించుకోవాలి. రక్తపరీక్షతో ఆహార అలర్జీ తేలదు, దాని మీద డబ్బు పెట్టకండి. ఇవన్నీ దాటాక మిగిలేది వాతావరణంలోని దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చే అటోపీ, దానికి ఓక్లాసిటినిబ్ మాత్రలు, లోకివెట్‌మ్యాబ్ ఇంజెక్షన్, అలర్జీ టీకాలు ఉన్నాయి. అది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు.

హార్మోన్ల సంగతి మధ్య వయసు దాటిన కుక్కల్లో ఎక్కువ. దురద లేకుండా రెండు పక్కలా వెంట్రుకలు పలచబడి, బరువు పెరిగి, మందకొడిగా ఉంటే థైరాయిడ్. నీళ్లు తెగ తాగి, ఎక్కువగా మూత్రం పోస్తూ, ఆకలి పెరిగి, పొట్ట వేలాడుతూ, చర్మం పలచబడితే కుషింగ్స్, అంటే ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు. థైరాయిడ్ పరీక్ష ఇన్ఫెక్షన్ తగ్గాకే చేయించండి. ఒంట్లో బాగోలేనప్పుడు, స్టెరాయిడ్లు, సల్ఫా మందులు వాడుతున్నప్పుడు ఆ అంకె తక్కువే వస్తుంది, లేని జబ్బుకి జీవితాంతం మాత్రలు వేయాల్సి వస్తుంది.

కల్చర్‌లో మొండి రకం వస్తే

రిపోర్టులో మెథిసిలిన్ రెసిస్టెంట్ (మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్‌లకి లొంగని రకం) అని ఉంటే చాలామంది కుక్క చచ్చిపోతుందేమో అన్నంత భయపడతారు. ఆ బ్యాక్టీరియా మామూలు రకం కంటే చర్మాన్ని ఎక్కువ పాడుచేసేదేమీ కాదు, మాత్రల ఎంపిక తగ్గుతుంది, అంతే. స్నానాలు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ పెంచితే ఎన్నో కుక్కలు మాత్రలు లేకుండానే తేరుకుంటాయి. రిపోర్టులో లినజోలిడ్, వాంకోమైసిన్ పనిచేస్తాయని కనిపించినా అడగకండి, అవి మనుషుల ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడటానికి దాచుకున్న మందులు.

ఇంట్లో వాళ్లకి అంటుకోవడం అరుదు. కుక్కని ముట్టుకున్నాక, ముఖ్యంగా పుండ్లకి మందు రాశాక సబ్బుతో చేతులు కడుక్కోండి, మీ చేతి మీద గాయం ఉంటే తొడుగు వేసుకోండి, కుక్కని మీ ముఖం దగ్గర నాకనివ్వకండి, పడక బట్టలు, గిన్నెలు తరచూ కడగండి. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే వాళ్ల డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి చెబితే వెయిటింగ్ గదిలో మిగతా కుక్కలతో కలవకుండా లోపలికి పిలుస్తారు.

అన్నీ వెతికినా కారణం దొరకని కుక్కలు కొన్ని ఉంటాయి. వాటికి ప్రతిసారీ మాత్రలు మొదలుపెట్టే బదులు, చర్మం బాగున్నప్పుడే వారానికి ఒకటి రెండు క్లోర్‌హెక్సిడిన్ స్నానాలు అలవాటు చేయండి, వారానికోసారి పొట్ట, చంకలు, వేళ్ల సందులు విడదీసి చూడండి, ఒకటి రెండు పొక్కులు కనిపించిన రోజే స్నానాల మధ్య వ్యవధి తగ్గించండి.